రెండు తాళంచెవులు, ఒక తాళం: జన్యు సలహా కేంద్రంలో మా కుటుంబానికి ఎదురైన అనుభవం

మా అమ్మాయిని మా చెల్లెలి రెండో కొడుక్కి ఇవ్వాలన్న మాట పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఉంది. వాళ్లిద్దరూ పెరిగి, ఉద్యోగాల్లో కుదురుకుని, తమకు ఇష్టమేనని తామే నోరు విప్పి చెప్పాక పెద్దలకు ఇక ఆలోచించవలసిందేమీ లేదనిపించింది. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. చెల్లెలి పెద్ద కొడుక్కి పుట్టుకతోనే వినికిడి లేదు. కాకినాడలో ముప్పై ఏళ్ల పాటు ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. ఏటా అనువంశికత పాఠం చెప్పి, సొంత ఇంటి దగ్గరకు వచ్చేసరికి ఆ పాఠాన్ని అటక మీద పెట్టి ముహూర్తం పెట్టించడానికి నాకు మనసొప్పలేదు. అందరినీ ఒప్పించి, హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు జన్యు సలహా కేంద్రానికి రెండు నెలల వ్యవధిలో మూడుసార్లు తీసుకెళ్లాను. ఇందులో మా ఇంటి విషయాలు ఉన్నాయి కనుక ఆ కేంద్రం పేరు గానీ మా పేర్లు గానీ రాయడం లేదు. అయితే అక్కడ ఏం చేస్తారు, ఎంత బాగా వివరిస్తారు, ఎక్కడ తప్పుతారు అన్నది మేనరికం ఆలోచనలో ఉన్న ఏ కుటుంబానికైనా పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటిరోజు సలహాదారు అరగంట సేపు ఏ పరీక్ష మాటా ఎత్తలేదు. ఆమె తెల్ల కాగితం ఒకటి ముందు పెట్టుకుని, మా ఇంటి వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, వినికిడి లేని పెద్దబ్బాయి చతురస్రానికి నలుపు, దగ్గరి బంధువుల మధ్య జరిగిన పెళ్లికి ఒక గీత బదులు జంట గీత. మా చెల్లెలిని మా మేనమామకే ఇచ్చారు. కనుక కాగితం మీద ఒక జంట గీత అప్పటికే ఉంది. మా పిల్లల సంబంధం కుదిరితే దాని కిందే రెండోది వస్తుంది. ఇన్నాళ్లూ మేము దీన్ని మామూలు మేనరికమనే అనుకున్నాం. అబ్బాయి అమ్మాయికి మేనత్త కొడుకు, అంతే. కాగితం చూశాక గానీ, అబ్బాయి తండ్రి మా అమ్మకు తమ్ముడు కనుక ఆ అబ్బాయి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా మా అమ్మాయికి రక్తసంబంధీకుడే అన్న సంగతి మాకు తట్టలేదు. మామూలు మేనరికంలో పుట్టే బిడ్డకు ఏదైనా ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి దిగివచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామ, మేనకోడళ్ల పెళ్లిలో అది ఎనిమిదింట ఒక వంతు. మా పిల్లల విషయంలో ఆమె వేసిన లెక్క 32లో 3 వంతులుగా తేలింది. అంటే మామూలు మేనరికానికి ఒకటిన్నర రెట్లు. తరం తరువాత తరం మేనరికాలు చేసుకుంటూ వచ్చిన ఇళ్లలో ఈ పేరుకుపోవడం కంటికి కనబడదు. వంశవృక్షం గీస్తేనే కనబడుతుంది. ఈ సేవలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ కాగితమే. దానికి రక్తం అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తున్న పెళ్లిళ్లు, పోయిన పిల్లలు, నిలవని గర్భాలు ఓపికగా అడిగి రాసుకునే మనిషి ఉంటే చాలు.

మా చెల్లెలు అక్కడే అడ్డుపడింది. "గోత్రాలు వేరు కదమ్మా, ఇక రక్తం ఎలా కలుస్తుంది?" అని అడిగింది. చదువుకున్న వాళ్ల ఇళ్లలో కూడా ఈ ప్రశ్న తరచు వింటాం. దానికి చిరాకు పడకుండా జవాబు చెప్పగలగడమే సలహాదారుకు పరీక్ష. ఆమె అదే కాగితం మీద ఎర్ర సిరాతో గోత్రం నడిచే దారిని గీసి చూపించారు. తండ్రి, తాత, ముత్తాత అంటూ అది ఒక్క గీతగానే పైకి వెళ్లింది. మగవారిలో వై క్రోమోజోమ్ నడిచే దారి కూడా అదే. మనిషికి ఉండే 46 క్రోమోజోముల్లో అది ఒక్కటి మాత్రమే. తక్కిన వాటిలో సగం తల్లి నుంచి వస్తాయి, వాటి సంగతి గోత్రానికి తెలియదు. ముత్తాతల తరంలో ప్రతి మనిషికీ ఎనిమిదిమంది ఉంటే గోత్రం వారిలో ఒక్కరినే లెక్కలోకి తీసుకుంటుందని ఆమె చెప్పినప్పుడు మా చెల్లెలు మారు మాట్లాడలేదు. ఆచారాన్ని కించపరిచే మాట ఒక్కటి కూడా ఆమె నోట రాలేదన్నది ఇక్కడ తప్పక చెప్పాలి. ఒకే బ్లడ్ గ్రూపు ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న నమ్మకాన్ని మా మామయ్య, అంటే చెల్లెలి భర్త, ప్రస్తావిస్తే, దానివల్ల పిల్లలకు ఏ ఇబ్బందీ లేదనీ, తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయినప్పుడు మాత్రమే జాగ్రత్త పడాలనీ, దానికి యాంటీ-డి ఇంజెక్షన్ ఉందనీ రెండు ముక్కల్లో తేల్చేశారు.

అంతర్గత లక్షణం అంటే ఏమిటో ఆమె చెప్పిన తీరు నేను ముప్పై ఏళ్లు చెప్పిన తీరు కన్నా సులువుగా ఉంది. నేను మెండెల్ బఠానీ మొక్కలతో మొదలుపెట్టి, సమయుగ్మజం, విషమయుగ్మజం అన్న మాటల దగ్గరకు వచ్చేసరికి సగం తరగతి దిక్కులు చూసేది. ఆమె రెండు తాళంచెవులు బల్ల మీద పెట్టారు. ఒకే తాళానికి రెండు చెవులు. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒకటి విరిగిపోయినా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది కనుక ఆ ఇంటివాళ్లకు తమ దగ్గర విరిగిన చెవి ఉన్నట్టే తెలియదు. వాహకులు అంటే వాళ్లే. రెండు చెవులూ విరిగినవే చేతికి వచ్చిన బిడ్డకు మాత్రమే తలుపు తెరుచుకోదు. ప్రతి మనిషి దగ్గరా ఇలాంటి విరిగిన చెవులు కొన్ని ఉంటాయి. దగ్గరి బంధువుల దగ్గర ఒకే తాళానికి చెందిన విరిగిన చెవులు ఉండే అవకాశం ఎక్కువ, మేనరికంలో ఉన్న చిక్కంతా ఇదే. సాధారణంగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారనీ, మేనరికంలో అది దాదాపు రెట్టింపు అవుతుందనీ చెబుతూ, అంటే నూటికి తొంభైమందికి పైగా ఆరోగ్యంగానే పుడతారన్న రెండో సగాన్ని కూడా ఆమె వదిలిపెట్టలేదు. "మా ఇంట్లో మూడు తరాలుగా మేనరికాలే, ఏమీ కాలేదు" అనే ఇళ్లు ఎందుకు అన్ని ఉన్నాయో ఈ రెండో సగం వింటేనే అర్థమవుతుంది.

ఆ తరువాత లెక్క వచ్చింది. పెద్దబ్బాయికి వినికిడి లేకపోవడానికి జన్యువే కారణమైతే అతని తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులే అయి ఉండాలి. రెండో అబ్బాయికి వినికిడి ఉంది కనుక అతను వాహకుడయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. చెల్లెలు వాహకురాలు కనుక తోడబుట్టిన నాకు సగం అవకాశం, మా అమ్మాయికి నాలుగింట ఒకటి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వినికిడి లేకపోయే అవకాశం మళ్లీ నాలుగింట ఒకటి. ఈ మూడింటినీ గుణిస్తే ఇరవై నాలుగింట ఒకటి. ఊళ్లో పుట్టే పిల్లల్లో వెయ్యికి ఒకరిద్దరికి ఈ లోపం ఉంటుంది. దాని పక్కన ఇరవై నాలుగింట ఒకటి చిన్నదేమీ కాదు. నాలుగింట ఒకటి అంటే మొదటి బిడ్డకు వస్తే తరువాతి ముగ్గురికీ రాదని మా మామయ్య అర్థం చేసుకున్నారు. సలహాదారు ఆయన చేతికి రెండు రూపాయి బిళ్లలు ఇచ్చి ఎగరేయమన్నారు. రెండూ బొరుసు పడితే బిడ్డకు వినికిడి లేనట్టు. మూడోసారీ ఐదోసారీ రెండూ బొరుసే పడ్డాయి. ముందు ఏం పడిందో బిళ్లకు గుర్తుండదన్న సంగతి డెబ్బై రెండేళ్ల మనిషికి అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఇదంతా జరుగుతుండగా పెద్దబ్బాయి మా మధ్యనే కూర్చున్నాడు. అతనికి 34 ఏళ్లు. డీటీపీ పని చేస్తాడు, తెలుగు చక్కగా చదువుతాడు, రాస్తాడు. ఇంట్లో మాత్రం మేమందరం అతనికి కావలసిన మాటలు మాత్రమే సైగలతో అందించి, తక్కిన మాటలు మా మధ్యనే ఉంచుకోవడానికి అలవాటు పడ్డాం. అతను బల్ల మీది కాగితం లాక్కుని, దాని వెనక ఇలా రాశాడు: "పెళ్లి ఆగితే అది నా వల్లనా?" మా చెల్లెలు ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోబోయింది. సలహాదారు ఆమెను ఆపి, ఆమె ద్వారా చెప్పించకుండా తానే తెలుగులో కింద జవాబు రాశారు. మీవల్ల ఏదీ ఆగదు, ఈ కుటుంబంలో ఏ తాళంలో చూడాలో మాకు చెప్పగలిగిన మనిషి మీరొక్కరే, కనుక అందరికన్నా ముందు పరీక్ష మీకు, అదీ మీకు ఇష్టమైతేనే అన్నది దాని సారాంశం. అది ఓదార్పు కోసం రాసిన మాట కాదు. శాస్త్రం ప్రకారం కూడా అదే సరైన క్రమం. వినికిడి లోపానికి కారణమయ్యే జన్యువులు వందకు పైగా ఉన్నాయి. లోపం ఉన్న మనిషిలో ఏ మార్పు ఉందో తెలియకుండా వినికిడి ఉన్నవాళ్లను ఎన్ని పరీక్షలు చేసినా వెదుకుతున్నదేమిటో తెలియకుండా వెదకడమే అవుతుంది. ఆ జవాబు రాసిన పదినిమిషాల కోసం అయినా ఆ సలహాదారుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను.

ఆ మాట ఎంత నిజమో మా చెల్లెలి రెండో అబ్బాయి తెచ్చిన ఇంకొక నివేదిక వల్ల తెలిసింది. అతను ఉద్యోగం మీద అమెరికాలో ఉన్నప్పుడు ఉమ్మి నమూనా పంపితే జన్యు వివరాలు చెప్పే కిట్ ఒకటి కొని పరీక్ష చేయించుకున్నాడు. పూర్వీకుల మూలాలు, చెవి తమ్మెల ఆకారం, కాఫీ తాగితే నిద్ర పట్టడం వంటి వాటి పక్కన, వంశపారంపర్య వినికిడి లోపానికి సంబంధించిన మార్పులేవీ కనబడలేదని కూడా అందులో ఉంది. దాన్ని చూసుకునే అతను ఇంతకాలం ధైర్యంగా ఉన్నాడు. సలహాదారు ఆ పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివించారు. ఆ కిట్ వెదికింది రెండే రెండు మార్పుల కోసం. ఒకటి యూరప్ మూలాలున్న వారిలో ఎక్కువగా కనిపించే 35డెల్‌జి, రెండోది అష్కెనాజీ అనే యూదుల శాఖలో కనిపించే 167డెల్‌టి. రెండూ జీజేబీ2 అనే జన్యువులోవే. అదే జన్యువులో మన దేశంలో ఎక్కువగా కనిపించే మార్పు వేరు. దాని పేరు డబ్ల్యూ24ఎక్స్. ఆ కిట్ దానివైపు చూడనే లేదు. కనబడలేదు అన్న మాటకు వెదకలేదు అన్న అర్థం కూడా ఉండవచ్చునని ఆ నివేదిక మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో చెప్పవలసింది. ఎవరి కోసమో తయారైన పట్టికతో మన పిల్లల భవిష్యత్తును నిర్ణయించుకోవడం ఎంత ప్రమాదమో ఆరోజు మా అబ్బాయి ముఖం చూస్తే తెలిసింది. సందర్భం వచ్చింది కనుక ఒక మాట: ఈ డబ్ల్యూ24ఎక్స్ మార్పే యూరప్‌లోని రోమా ప్రజల్లోనూ కనిపిస్తుంది. వారి పూర్వీకులు వెయ్యేళ్ల కిందట భారతదేశం నుంచి వలస వెళ్లారనడానికి భాషలోని ఆధారాలకు తోడు ఇదీ ఒక ఆనవాలుగా నిలిచింది.

పెద్దబ్బాయి నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం ఊదా మూత గొట్టంలో తీసుకున్నారు. నాలుగు వారాల తరువాత ఫలితం వచ్చింది. జీజేబీ2 జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది తయారుచేసే కనెక్సిన్ 26 అనే ప్రోటీన్ లోపలి చెవిలో ఒక కణానికీ పక్క కణానికీ మధ్య సన్నని దారులు వేస్తుంది. శబ్దం విన్న ప్రతిసారీ కదిలే పొటాషియం అయాన్లు ఆ దారుల గుండానే తిరిగి తమ చోటికి చేరతాయి. ఆ ప్రోటీన్ 226 అమైనో ఆమ్లాల గొలుసు. మా పెద్దబ్బాయి జన్యువులో 71వ అక్షరం, అంటే డీఎన్‌ఏలోని రసాయన అక్షరం, 'జి' ఉండవలసిన చోట 'ఎ' ఉంది. ఆ ఒక్క అక్షరం మారడంతో 24వ అమైనో ఆమ్లం దగ్గర రావలసిన ట్రిప్టోఫాన్‌కు బదులు ఆగిపొమ్మన్న సంకేతం వచ్చి, గొలుసు అక్కడితో తెగిపోయింది. డబ్ల్యూ24ఎక్స్ అంటే ఇదే. రెండు ప్రతుల్లోనూ అదే మార్పు. ఆ వివరం తెలిశాక మా అమ్మాయికీ రెండో అబ్బాయికీ జన్యువు మొత్తం చదవనక్కరలేకుండా ఆ ఒక్క చోటు చూస్తే సరిపోయింది. ఈ రెండో విడత రక్తం కాకినాడలోనే తీయించి పంపే ఏర్పాటు చేసి ఉంటే మాకు ఒక ప్రయాణం తప్పేది. అడిగితే ఆ సౌకర్యం లేదన్నారు.

మూడోసారి వెళ్లినప్పుడు తెలిసింది, ఇద్దరూ వాహకులే. ఇరవై నాలుగింట ఒకటిగా ఉన్న లెక్క నాలుగింట ఒకటిగా మారింది. ఫలితం చెప్పి ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడకుండా మమ్మల్ని మా లోకంలో ఉండనిచ్చారు. ఆ తరువాత పిల్లల ముందున్న దారులు ఒక్కొక్కటే చెప్పారు. పెళ్లి మానుకోవడం ఒకటి. పెళ్లి చేసుకుని, గర్భం పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య ఉన్నప్పుడు మాయ (ప్లాసెంటా) నుంచి చిన్న నమూనా తీసి పరీక్షించుకోవడం ఒకటి. పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టక ముందే పరీక్షించే పద్ధతి ఇంకొకటి. ఏ పరీక్షా లేకుండా బిడ్డను కని, పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్సో శిక్షణో మొదలుపెట్టడం మరొకటి. ఈ రకం లోపంలో శ్రవణ నాడి చాలావరకు బాగానే ఉంటుంది కనుక కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) చిన్నప్పుడే పెడితే ఫలితం బాగుంటుందనీ, మా పెద్దబ్బాయి పుట్టిన రోజుల్లో మన ఊళ్లలో ఆ అవకాశం లేదనీ చెప్పారు. వినికిడి లేని మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా గర్భస్థ పరీక్ష గురించి మాట్లాడవలసి రావడం ఎంత కష్టమో నాకు అప్పుడు అర్థమైంది. ఆమె ఆ మాట మొదలుపెట్టే ముందు, మీరు ఇక్కడే ఉంటారా, బయట కూర్చుంటారా అని పెద్దబ్బాయిని అడిగారు. అతను ఉంటానన్నాడు. ఏ దారి మంచిదని మా మామయ్య ఎంత గుచ్చి అడిగినా ఆమె తన అభిప్రాయం చెప్పలేదు. మొదట నాకు అది తప్పించుకోవడంగా అనిపించింది. ఇంటికి వచ్చాక, ఆమె ఒక మాట చెప్పి ఉంటే మా ఇంట్లో పెద్దలు దాన్నే తీర్పుగా పట్టుకుని పిల్లల నోరు నొక్కేసేవారని గ్రహించాను. పిల్లలు తీసుకున్న నిర్ణయం వాళ్లది. దాన్ని ఇక్కడ రాయను.

ఇక లోపాల సంగతి. సలహాదారు దాకా వెళ్లక ముందే ముందు గదిలోని సిబ్బంది మాకు మొత్తం కుటుంబానికి కలిపి ఎక్సోమ్ పరీక్షల (జన్యువులన్నిటిలో ప్రోటీన్లు తయారుచేసే భాగాలను చదివే పరీక్షల) ప్యాకేజీ అంటగట్టబోయారు. లోపలికి వెళ్లాక ఒక్క మనిషికి, ఒక్క జన్యువు చూస్తే చాలని తేలింది. రెండు విడతల పరీక్షలకూ కలిపి మాకు అయిన ఖర్చు ఆ ప్యాకేజీ ధరలో నాలుగో వంతు కూడా లేదు. సలహాదారును కలవక ముందు ఏ పరీక్షకూ డబ్బు కట్టవద్దని ఇలాంటి ఏ కేంద్రానికి వెళ్లేవారికైనా నేను గట్టిగా చెబుతాను.

అంతకన్నా నన్ను బాధపెట్టినది సమ్మతి పత్రం. పెద్దబ్బాయి రక్తం తీసేముందు ఆ పత్రాన్ని అతని తల్లి చేతికి ఇచ్చి సంతకం చేయమన్నారు. 34 ఏళ్ల వయసున్న, చదువుకున్న, సొంత సంపాదన ఉన్న మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. వినికిడి లేకపోవడాన్ని తెలివి లేకపోవడంగా చూసే అలవాటు బస్సులో, బ్యాంకులో చూస్తూనే ఉన్నాం. జన్యు శాస్త్రం చెప్పే చోట అది ఉండకూడదు. నేను అభ్యంతరం చెప్పాక అతని చేతికే ఇచ్చారు గానీ, పదకొండు పేజీల ఆ పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. నమూనాను పరిశోధనకు వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను అన్న గడిలో ముందే టిక్కు కొట్టి ఉంది. మన దేశంలో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది; సమ్మతి అనేది తెలిసి, ఇష్టపడి ఇచ్చేదై ఉండాలన్నది అందులో ప్రధానమైన మాట. అదే 2023లో అమెరికాకు చెందిన 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల సంస్థ నుంచి సుమారు 69 లక్షల మంది సమాచారం దొంగల చేతికి చిక్కింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, జన్యు సమాచారం పోతే మార్చుకోవడానికి వీల్లేదు, పైగా అది మన ఒక్కరిదీ కాదు. సైగల భాష తెలిసిన దుభాషి కూడా మొదటి రెండుసార్లు లేరు. నివేదిక ఇంగ్లీషులోనే ఇచ్చారు. మేము రాతపూర్వకంగా అడిగితే మూడోసారికి రెండు పేజీల తెలుగు లేఖ తయారుచేసి ఇచ్చారు. ఆ లేఖ చాలా బాగుంది. అడగకుండానే అందరికీ ఇవ్వవలసినది అది.

కేంద్రంలో ఉచితంగా పంచే తెలుగు కరపత్రం గురించి ఉపాధ్యాయుడిగా నేను కొంచెం ఎక్కువగా చెప్పక తప్పదు. అందులో నాలుక మడత పెట్టగలగడం, చెవి తమ్మె అతుక్కుని ఉండటం ఒక్కొక్క జన్యువు వల్లనే వస్తాయని ఉంది. నాలుక సంగతి 1940లో ఒక పరిశోధనలో అలా ప్రతిపాదించిన మాట నిజమే గానీ, ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరు మడత పెట్టగలిగి ఒకరు పెట్టలేకపోవడం 1952 నాటికే గమనించారు. పిల్లవాడు నాలుక మడత పెట్టలేకపోతే తండ్రి ఎవరన్న అనుమానం వరకూ వెళ్లిన ఇళ్లు ఉంటాయి కనుక ఇది చిన్న తప్పు కాదు.

అదే కరపత్రంలో చెవుల మీద వెంట్రుకలు వై క్రోమోజోమ్ ద్వారా తండ్రి నుంచి కొడుక్కి వస్తాయని కూడా ఉంది. ఈ మాటకు మూలం మా ప్రాంతమే. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, బ్రిటన్ నుంచి వచ్చిన జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర శిష్యరికం చేస్తూ, 1960లో ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలతో ఆ ప్రతిపాదన చేశారు. చాలాకాలం పాఠ్యపుస్తకాలు దాన్నే చెప్పాయి, నేనూ తరగతిలో అదే చెప్పాను. 2004లో అలాంటి చెవులున్న దక్షిణ భారత పురుషుల వై క్రోమోజోములనే నేరుగా పరీక్షించి చూస్తే ఆ సంబంధం నిలబడలేదు. అందువల్ల ద్రోణంరాజువారి కృషి తక్కువైపోదు. మన ఊళ్ల మేనరికాల మీద లెక్కలు తీసి అధ్యయనం చేసిన తొలి తరంలో ఆయన ఉన్నారు. ఆయన గురువు హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసినప్పుడు, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని మా కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఇంతటి చరిత్ర ఉన్న నేలమీద పంచే కరపత్రంలో ఇరవై ఏళ్ల కిందటే సరిదిద్దిన విషయం సరికాకుండా ఉండకూడదు. ఈ సంగతి నేను సలహాదారుకు రాసి ఇచ్చాను. తదుపరి ముద్రణలో మారుస్తామన్నారు.

మీ సామాజిక వర్గం ఏమిటని అడగడం మా చెల్లెలికి నచ్చలేదు. ఆ ప్రశ్న ఎందుకో కేంద్రం వాళ్లు ముందే చెప్పి ఉండవలసింది. మన దేశంలో వందల ఏళ్లుగా పెళ్లిళ్లు ఆయా వర్గాల లోపలే జరగడం వల్ల, మేనరికం కాకపోయినా ఒక వర్గంలోని వారందరికీ కొందరు పూర్వీకులు ఉమ్మడిగా ఉంటారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో వెలువరించిన పరిశోధన దీన్ని స్పష్టంగా చూపింది. అందులో ఉదాహరణగా చెప్పినది మన తెలుగు ప్రాంతాల వైశ్యుల సంగతే. శస్త్రచికిత్స సమయంలో కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందును విరగ్గొట్టే ఎంజైము కొందరిలో లోపిస్తుంది. ఆ లోపం వైశ్యుల్లో ఇతరులకన్నా ఎక్కువ. అలాంటివారికి ఆ మందు ఇస్తే కొద్ది నిమిషాల్లో తేరుకోవలసిన కండరాలు గంటల తరబడి తేరుకోవు. మత్తు వైద్యుడికి ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. కారణం ఇలా చెప్పి అడిగితే ఎవరికీ బాధ కలగదు.

ఖర్చు విషయం ఒక మాటలో: సలహాకు తీసుకునే రుసుము ఒక స్పెషలిస్టు డాక్టరు రుసుము కన్నా కొంచెం ఎక్కువ, కానీ గంటా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు. అంత ఖర్చు పెట్టలేనివారికి హైదరాబాద్‌లోనే నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షల ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. థలసీమియా (తీవ్ర రక్తహీనత కలిగించే వంశపారంపర్య వ్యాధి) వాహకులా కాదా అన్నది తెలుసుకోవడానికైతే జన్యు పరీక్షే అక్కరలేదు. మామూలు రక్తపరీక్షతో పాటు హెచ్‌బీఏ2 అనే ఒక రకం హిమోగ్లోబిన్ శాతం చూస్తే, అది 3.5 దాటితే, చాలావరకు తెలిసిపోతుంది. పెళ్లికి ముందు ప్రతి జంటా చేయించుకోదగిన పరీక్ష అదేనని ఆమె చెప్పారు, మేమూ చేయించాం.

మూడోసారి వెళ్లినప్పుడు మా కోరిక మీద సైగల భాషా దుభాషిని పిలిపించారు. పిల్లల విషయం ముగిసి మేమంతా లేవబోతుండగా పెద్దబ్బాయి మమ్మల్ని కూర్చోమని, దుభాషి వైపు తిరిగి చాలాసేపు సైగలు చేశాడు. తాను ఒక అమ్మాయిని ఇష్టపడుతున్నాననీ, ఆమెకూ పుట్టుకతో వినికిడి లేదనీ, తమకు పుట్టే పిల్లల సంగతి ఏమిటనీ అతను అడిగాడు. రెండు నెలలుగా అతని రక్తంతో మా లెక్కలు వేసుకున్న మాలో ఎవరికీ అతనికీ ఒక పెళ్లి ఉంటుందన్న ఆలోచన రాలేదు. సలహాదారు మళ్లీ తాళంచెవులు తీశారు. ఆ అమ్మాయిలో లోపం కూడా ఇదే తాళానిదైతే పిల్లల్లో ఎవరికీ వినికిడి ఉండదు. ఆమెది వేరే తాళమైతే, ఒకరు ఇవ్వలేని మంచి చెవి రెండోవారు ఇస్తారు కనుక పిల్లలందరికీ వినికిడి ఉండే అవకాశమే ఎక్కువ. ఏదో తెలియాలంటే ఆ అమ్మాయి కూడా రావాలి, ఆమెకు ఇష్టమైతేనే. వచ్చే నెల పన్నెండో తేదీకి నాలుగో భేటీ ఖరారైంది. పేరు అతనిదే రాయించాడు, ఫారం తానే నింపాడు, పరిశోధనకు సమ్మతి అన్న గడిలో ముందే కొట్టి ఉన్న టిక్కును కొట్టేసి సంతకం పెట్టాడు. మమ్మల్ని రావద్దన్నాడు.